డూలన్ తాతను వెతుక్కుంటూ హైదరాబాదుకు

హైదరాబాదు వెళ్ళి వచ్చినవాళ్ళు చార్మినారు గురించి చెప్పకుండా ఉండలేరు. నేను మాత్రం దాని పక్కనుంచి అన్నిసార్లు నడిచి కూడా తలెత్తి తీరిగ్గా చూసింది లేదు. మా బ్రిజితమ్మ అత్త చూడనివ్వలేదు. "మనం వచ్చింది రాళ్ళు చూడ్డానికి కాదురా జోజీ, మనిషిని చూడ్డానికి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ మనిషి చనిపోయి ఎన్నేళ్ళయిందో మాకే తెలియదు. అయినా అత్త మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. కాబట్టి ఇందులో మేడలూ మీనార్లూ వెతికేవాళ్ళకు నిరాశ తప్పదు. తిండి విషయంలో మాత్రం లోటు చెయ్యను.

మా ఇంటి పిల్లికళ్ళు

మాది బందరు. నేను బడిపంతులును. మా వంశంలో తరానికి ఒకరిద్దరు పిల్లికళ్ళతో పుడతారు. దానికి కారణం మా ముత్తాత మైకేల్ డూలన్. కుంఫిణీ రోజుల్లో ఐర్లండు దేశం నుంచి ఓడెక్కి వచ్చి బందరు కోటలో ఫిరంగుల దగ్గర పనిచేశాడు. ఇక్కడి పిల్ల రాయమ్మను చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. కొడుకు పుట్టాడు. ఆ కొడుకు పాకే వయసులో ఉండగా డూలన్ కోట కొలువు చాలించుకుని, నిజాం నవాబుగారి ఫిరంగులు పోసే తోపుల కార్ఖానాలో జీతం బాగా ఇస్తున్నారని హైదరాబాదు వెళ్ళాడు. కుదురుకున్నాక కబురు పెడతానన్నాడట. కబురు రాలేదు, మనిషీ రాలేదు. రాయమ్మ బతికినన్నాళ్ళూ సాయంత్రం కాగానే బండ్ల దారి వైపు తిరిగి గుమ్మంలో కూర్చునేదట.

ఊరు ఊరుకుంటుందా? మా ఇంటికి 'పారిపోయినోడి ఇల్లు' అని పేరు పెట్టింది. పెళ్ళి సంబంధాలప్పుడు ఆ మాట ఎక్కడో ఒకచోట పైకి లేచేది. అత్త రాయమ్మ ఒళ్ళో పెరిగింది. డెబ్బై దాటిన ఈ వయసులో ఆమెకు పట్టుకున్న పట్టుదల ఒక్కటే. "ఆయన మమ్మల్ని మరిచిపోయాడా, మరవలేదా? అది తెలియాలి. పైకి పోయాక నాయనమ్మ మొట్టమొదట అడిగేది అదే. నేనేం చెప్పను?" అనేది.

ఆమె పోరు పడలేక ఉత్తరాలు రాశాను. మద్రాసులోని పాత దస్తావేజుల కచేరీ వాళ్ళు, డూలన్ కొలువు వదిలి నిజాం రాజ్యానికి వెళ్ళాడని ఒక్క ముక్క నకలు పంపారు. ఐర్లండులో ఒక ఫాదరుగారు చాలా మర్యాదగా జవాబిచ్చారు. తమ జిల్లాలో డూలన్లు గంపలకొద్దీ ఉన్నారనీ, ఏ విచారణకు, అంటే ఏ ఊరి చర్చికి చెందినవాడో చెబితే తప్ప పుస్తకం తెరవలేననీ రాశారు. ఆ సంగతి హైదరాబాదులో ఆయన్ను పాతిపెట్టిన నాటి రిజిస్టరులో ఉండొచ్చన్నారు. అత్త ఆ రోజే పెట్టె సర్దింది.

ఆమె పెట్టిన షరతు ఒకటుంది. జనవరి ఆఖరు సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఎందుకంటే ఆ సాయంత్రం పచ్చి తుంగతో నాలుగు చేతుల సిలువ అల్లి వంటింటి గుమ్మం మీద కట్టడం మా ఇంటి ఆనవాయితీ. అది ఐర్లండులో బ్రిజితమ్మ అనే పునీతురాలి పండగ ముందు రోజు చేసేది. డూలన్ రాయమ్మకు నేర్పాడు, రాయమ్మ మిగిలిన అందరికీ నేర్పింది. ఇల్లు అంటుకోదని నమ్మకం. అల్లికలో చివరి మడతను చేత్తో కాకుండా పళ్ళతో కొరికి బిగించాలి. చేత్తో బిగిస్తే రాయమ్మ ఒప్పుకునేది కాదట. ఎందుకని అడిగితే, "మీ తాత అట్లాగే చేసేవాడు" అనేదట. అత్తకు ఆ పునీతురాలి పేరే పెట్టారు కనుక, ఈ పని మీద ఆమెకు సర్వహక్కులూ ఉన్నాయి.

బెజవాడ దాటాక

బెజవాడలో నిజాం రైలెక్కాం. కొన్ని స్టేషన్లు దాటేసరికి తెలుగే మారిపోయింది. మా ఎదుట కూర్చున్న రైతు ఒకాయన అత్తను "ఏడికి పోతున్నవమ్మా?" అని అడిగాడు. అత్తకు కోపం వచ్చింది. ముక్కూ మొహం తెలియనివాడు నువ్వంటాడేమిటని నా చెవిలో గొణిగింది. ఆయన మూట విప్పి జొన్నరొట్టె తుంచి, మీద ఎండుమిరపకారం వేసి మొదట ఆమెకే పెట్టాడు. తిన్నాక ఆమె కోపం పోయింది. దిగేటప్పుడు ఆయన, "మంచిగ పోయిరా అమ్మా" అంటే, "అలాగే నాయనా, నువ్వూ జాగ్రత్త" అంది.

సరిహద్దులో సుంకం వాళ్ళు పెట్టెలు చూస్తారు. వేరే దేశానికి వెళ్తున్నట్టే ఉంటుంది. వాళ్ళ రూపాయి వేరు, నెలల పేర్లు వేరు. మా పెట్టె చూసిన ఉద్యోగి కుచ్చు టోపీ పెట్టుకుని పెళ్ళికొడుకులా ఉన్నాడు. అత్త గోంగూర పచ్చడి జాడీకి గుడ్డ కట్టి, దాని మీద ఇంకో గుడ్డ కట్టి, తాడు చుట్టింది. అంత భద్రం చూసి ఆయనకు అనుమానం వచ్చింది. తాడూ గుడ్డలూ విప్పించి, మూత తీసి, లోపలికి వంగి గట్టిగా వాసన చూశాడు. తరువాత ఆయన తుమ్మిన తుమ్ములకు పక్క రైలుపెట్టెలోవాళ్ళు కూడా తొంగిచూశారు. కళ్ళు తుడుచుకుంటూ "జావో అమ్మా, జావో" అన్నాడు. మిగతా సామాను చూడనే లేదు.

సికింద్రాబాదు రిజిస్టర్లు

చర్చిలో ఇటలీ దేశపు ఫాదరు ఒకాయన ఉన్నారు. ఆయన తెలుగు అచ్చం జ్ఞానోపదేశం పుస్తకంలా ఉంటుంది. "ఓ అమ్మా, మీరు ఎవరిని వెదకుచున్నారు?" అని అడిగేసరికి అత్త చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన పాత రిజిస్టర్లు బల్ల మీద పెట్టారు. అంతా లాటిన్. కొన్ని పేజీలు చెదలు తినగా మిగిలినవి, కొన్ని తడిసి ఒకదానికొకటి అతుక్కున్నవి.

రెండు రోజులు చూశాం. సమాధుల రిజిస్టరులో డూలన్ లేడు. ఇంకో రిజిస్టరులో చూశాం, అందులోనూ లేడు. రెండో రోజు మధ్యాహ్నం ఫాదరుగారి వేలు ఒకచోట ఆగింది. ఎవరో సిపాయి బిడ్డకు జ్ఞానస్నానం. జ్ఞానతండ్రిగా, అంటే బిడ్డను ఎత్తుకుని పూచీగా నిలబడినవాడు మైకేల్ డూలన్, తోపుల కార్ఖానా. పేరు రాసింది వేరేవాళ్ళు. పక్కన ఆయన సంతకం ఉంది. సంతకమంటే నిలువు గీత మీద అడ్డగీత, అంతే. చదువు రానివాళ్ళు అట్లా పెట్టేవారని ఫాదరుగారు చెప్పారు.

అత్త ఆ రెండు గీతల మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. మా వంశంలో ఆయన చేతి గుర్తు చూసిన మొదటి మనిషి ఆమె. అంతవరకూ మాకు ఆయనొక పిల్లికళ్ళ పుకారు మాత్రమే. బయటికి వచ్చాక గోరీల దొడ్డి కూడా చూశాం. ఎంతెంత దూరాల నుంచో వచ్చి ఇరవై ఏళ్ళకే పోయిన ఐర్లండు కుర్రవాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. మావాడు కాకపోయినా అత్త ఒక్కొక్క రాయి దగ్గరా ఆగి సిలువ గుర్తు వేసుకుంది.

ఆ రాత్రి బసలో ఆమె అన్నం సరిగా తినలేదు. "అయితే దారిలో చావలేదన్నమాట. క్షేమంగా చేరాడు. వేరేవాళ్ళ బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాడు" అంది. చదువు రానివాడు ఉత్తరం ఎట్లా రాస్తాడని నేను సర్దిచెప్పబోయాను. "రాయించుకోవచ్చుగా? నీ చేత నేను రాయించలేదూ?" అంది.

లాడ్ బజార్

కార్ఖానా మూతపడ్డాక అక్కడి పనివాళ్ళు మూసీ నది దాటి పాత బస్తీలో సర్దుకున్నారని ఫాదరుగారు విన్నారట. ఆ ఆధారంతో మర్నాడు టాంగా ఎక్కాం. టాంగా ఆపిన చోటు లాడ్ బజార్. దుకాణాల నిండా లక్కగాజులు, వాటిలో అద్దాల తళుకులు. అత్త ఎవరినీ ఏమీ అడగకుండా ఒక దుకాణం ముందు నిలబడిపోయింది. దుకాణందారు గౌస్ భాయ్ తెల్లగడ్డం పెద్దమనిషి. "అమ్మా, చెయ్యి ఇటియ్యి" అన్నాడు.

"నాకెందుకు నాయనా గాజులు? మొగుడు పోయి ఎన్నాళ్ళయిందో" అంది అత్త.

"నేను చెయ్యి జూస్తమ్మా, మొగుణ్ణి జూడ. ఫికర్ జెయ్యకు, నొప్పి కానియ్య."

అక్కడ గాజులు అమ్మడమంటే తొడగడం కూడా. వేళ్ళు దగ్గరకు నొక్కి, మణికట్టు మెల్లగా తిప్పి, ముసలి చేతికి ఎర్ర లక్కగాజులు ఎక్కించాడు. మా ఊళ్ళో అయితే ఈపాటికి నలుగురు పోగై నోళ్ళు నొక్కుకునేవారు. ఇక్కడ ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన రెండు రూపాయలు చెప్పాడు, అత్త రూపాయి అంది. మా రూపాయా వాళ్ళ రూపాయా అనే లొల్లి కాసేపు నడిచింది. చివరికి ఇద్దరూ గెలిచినట్టే నవ్వుకున్నారు.

అప్పుడు డూలన్ సంగతి అడిగాను. "గాసొంటి పేరు ఎన్నడు ఇన్లే" అన్నాడు గౌస్ భాయ్. ఆయన వంశంలో పిల్లికళ్ళుంటాయని ఆనవాలు చెప్పాను. ఆయన పకపకా నవ్వి వీధిలోకి చెయ్యి చూపించాడు. పఠాన్లు, అరబ్బులు, ఎవరెవరో పోతున్నారు. "జూస్కో భాయ్. గీ బజార్ల సగం మందికి పిల్లికండ్లే. ఎంతమందిని పట్కపోతవ్?" అన్నాడు. తోపులు పోసినవాళ్ళ మనుమలు మొఘల్‌పురా దిక్కు ఉంటారని మాత్రం చెప్పాడు.

మొఘల్‌పురాలో చాయ్

మర్నాడు పొద్దున్నే ఇరానీ హోటల్లో ఖిచ్డీ, ఖీమా తిన్నాం. ఖిచ్డీ అంటే మన పులగమే. దాని మీద మసాలా కొట్టిన మాంసం వేసి, నువ్వులూ చింతపండూ కలిపిన పుల్లటి ఖట్టా పోస్తారు. పులగానికి ఇన్ని నగలు ఎవరు పెట్టమన్నారని అత్త విసుక్కుంటూనే గిన్నె ఖాళీ చేసింది. చాయ్ మాత్రం ఎంత చిక్కగా ఉందంటే, నేను రెండోది తాగి, మూడోది కూడా తెప్పించుకున్నాను.

మొఘల్‌పురా అంతా సందులు. గోడలు ఎత్తు, గుమ్మాలు చిన్నవి, ప్రతి గుమ్మానికీ గోనెపట్టా పర్దా. మేము ప్రతి గుమ్మంలోనూ ఒకటే అడిగాం: ఇక్కడ క్రైస్తవుల ఇళ్ళు ఎక్కడ? అందరూ మర్యాదగా కూర్చోబెట్టారు, చాయ్ ఇచ్చారు, ఇక్కడ అటువంటివారు లేరన్నారు. తరువాత వేలు పెట్టి చూపిస్తే అది సికింద్రాబాదు వైపు. వచ్చిన దారే మళ్ళీ మాకు చూపించడానికి ఎంత ప్రేమగా వీధి చివరిదాకా వచ్చి సాగనంపేవారో చెప్పలేను. మేము అడిగే ప్రశ్నే తప్పని మా ఇద్దరికీ తోచలేదు. ఐర్లండువాడు, చర్చిలో పెళ్ళాడినవాడు, క్రైస్తవుల ఇంట్లో కాక ఇంకెక్కడుంటాడని మా ధీమా.

మధ్యాహ్నానికి అత్త కడుపులో చాయ్ కదిలే చప్పుడు నాకు వినిపించింది. "ఇంక చాలురా" అని అరుగు మీద కూలబడింది. "దొరకడు. మరిచిపోయినవాణ్ణి వెతికితే ఎట్లా దొరుకుతాడు?" అంది. ఆమె నోట ఆ మాట అంతవరకూ ఎప్పుడూ వినలేదు. నాకు చాలా బాధ వేసింది.

కాసేపటికి తనే లేచి, ఇవాళ తారీఖు ఎంత అని అడిగింది. జనవరి ఆఖరు. రైలెక్కినా ఇల్లు చేరేది లేదు. "అయితే ఇక్కడే అల్లుతాను. తుంగ ఎక్కడ దొరుకుతుందో కనుక్కో" అంది.

మూసీ ఒడ్డు

మూసీ ఒడ్డున చాపలల్లేవాళ్ళ దగ్గర పచ్చి తుంగ ఉంటుందన్నారు. ఆ నెలలో నదిలో నీళ్ళు తక్కువ. రాళ్ళ మధ్య పాయలు పాయలుగా పారుతోంది. చాకళ్ళు బట్టలుతుకుతున్నారు. చాపలాయన పిడికెడు తుంగ ఊరికే ఇచ్చాడు. అత్త బసదాకా ఆగలేదు. ఒక రాయి మీద కూర్చుని, కొత్త గాజులు గలగలమంటుండగా అల్లడం మొదలుపెట్టింది. ఒక కాడ నిలువు, దాని మీద ఇంకోటి మడత, తిప్పు, మళ్ళీ మడత. మధ్యలో చదరం కుదిరింది, నాలుగు చేతులు సాగాయి. చివరి మడత నోట్లో పెట్టుకుని కుడివైపు పళ్ళతో కొరికి బిగించింది.

"యా అల్లా" అని వెనకనుంచి వినిపించింది.

నల్ల బురఖా ముఖం మీదనుంచి వెనక్కి తోసుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె చేతిలోనూ పచ్చి తుంగ కట్ట ఉంది. అత్త నోటి వంకే చూస్తోంది.

"గిది మా ఇంటి పని గదా! నీకెవరు నేర్పిండ్రు?" అంది.

"మీ ఇంటి పనేమిటి? ఇది మా ఇంటి పని" అంది అత్త.

"గిట్ల నాల్గు చేతుల చౌఖా అల్లెటోళ్ళు గీ షహర్ల మేం తప్ప ఎవ్వరు లేరు. పండ్లతోని కొర్కుడు ఎవరు జెప్పిండ్రు నీకు?"

"మా నాయనమ్మ. మా తాత అట్లాగే చేసేవాడని. ఎందుకో నాకు తెలీదు."

"నాకెర్కే" అంది ముసలామె మెల్లగా. "మా దాదాకు, గదే మా తాతకు, ఎడమచేతికి రెండు వేళ్ళు లేకుండె. ఈడికి రాకముందే తోపు మింగింది. వేళ్ళు లేనోడు పండ్లతోని గాక దేనితోని బిగిస్తడు?"

అత్త చేతిలోని తుంగ సిలువ ఒళ్ళో పడిపోయింది. ముసలామె ఆమెను రెక్క పట్టి లేపింది. తన పేరు హలీమా బీ అనీ, ఇల్లు దగ్గరేననీ చెప్పి, చెయ్యి వదలకుండా నడిపించుకుపోయింది. ఇల్లు ఎక్కడంటే మొఘల్‌పురాలో. పొద్దున మేము చాయ్ తాగి వచ్చిన సందుకు పక్క సందు.

పర్దాకు ఇవతల

అత్తను లోపలికి తీసుకుపోయారు. నేను పరాయి మగవాణ్ణి కనుక గుమ్మంలోని అరుగు మీద, గోనెపట్టా పర్దాకు ఇవతల కూర్చున్నాను. కొడుకులు రాగి గిన్నెలకు కళాయి పూసే దుకాణంలో ఉన్నారట. కంటికి పర్దాయే గాని చెవికి ఏ అడ్డూ లేదు. లోపలి మాటలన్నీ విన్నాను.

హలీమా బీ చెబుతోంది. ఆమె దాదా, అంటే తండ్రికి తండ్రి, తోపువాలా మికాయిల్ సాబ్. ఫిరంగీల, అంటే తెల్లవాళ్ళ, దేశం నుంచి వచ్చినవాడు. "గా దేశంల ఎడతెగని వానలంట. ఒక్క పాము గూడ లేదంట. అబద్దమో నిజమో" అంది.

"నిజమే. మా నాయనమ్మ కూడా చెప్పేది" అంది అత్త.

"ఈడికొచ్చినంక కల్మా సదివి మా మతంల కలిసిండు. మా దాదీని నిఖా జేస్కున్నడు. ముగ్గురు పిల్లలు. మా అబ్బా పెద్దోడు."

లోపల గాజుల చప్పుడు ఆగిపోయింది. అత్త ఊరుకుంటే నాకు భయం. అరిస్తే అంత భయం లేదు. చాలాసేపటికి అరిచింది.

"అక్కడ సముద్రం ఒడ్డున, బందరులో, మా నాయనమ్మ చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని దారి చూస్తూ కూర్చుంది. చచ్చేదాకా కూర్చుంది. ఇక్కడ ఈయన నిఖా చేసుకున్నాడా? ఇది వినడానికా నేనింత దూరం వచ్చింది? జోజీ, లే, పోదాం."

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. లోపలినుంచి అడుగుల చప్పుడు రాలేదు. హలీమా బీ గొంతు వినిపించింది. ఎవరో కొట్టినట్టుగా ఉంది ఆ గొంతు.

"సముందరమా? ఆపా, అక్కా, మీరేనా సముందర్ వాలే?"

"ఏమిటది?"

"మేం ప్రతి సాల్ రెండు అల్లుతం. ఒకటి వంటింటి మీద కడ్తం, ఆగ్ తగలకుండ, ఇల్లు అంటుకోకుండ. ఇంకోటి మూసీల విడుస్తం. గిది ఎవరికి అని మా అబ్బా చిన్నగున్నప్పుడు అడిగిండంట. 'గీ నది పొయ్యి పొయ్యి సముందర్ల కలుస్తది, గాడ నావోళ్ళున్నరు' అన్నడంట దాదా. మల్ల గాడికి పోరాదా అని అడిగితే, 'ఏ మొఖం పెట్టుకొని పోవాలె' అని ఏడ్సిండంట. దాదా పోయిండు, అబ్బా పోయిండు. మా మనుమడు రైల్వేల జేస్తడు, గాయ్నను అంగ్రేజీ తారీఖు అడిగి మరీ నేను విడుస్తున్న. ఎవ్వరికో నాకెర్క లేదు. సముందర్ వాలోంకు అనుకుంట విడుస్త, అంతే."

తరువాత వినిపించిన చప్పుడు ఏడుపో నవ్వో తెలియక నేను పర్దాకు చెవి ఆనించాను. సరిగ్గా అప్పుడే పర్దా పైకి లేచింది. హలీమా బీ నన్ను చూసి, "గీయ్న నాకు భతీజా అయితడు గదా. బయట కూసోవెట్టిన్నే, తోబా! అందర్ రా బేటా" అని చెవి పట్టుకుని లోపలికి లాగింది. ఒక అత్తతో బయలుదేరినవాణ్ణి, ఆ సాయంత్రానికి ఇద్దరు అత్తల పాలపడ్డాను.

వంటింటి గుమ్మం పైన తుంగ సిలువలు వరసగా కట్టి ఉన్నాయి. కిందివి ఎండి పసుపురంగులో ఉన్నాయి, పైవి పొగపట్టి నల్లగా మారాయి. అన్నీ మా ఇంట్లోవే అన్నట్టున్నాయి. అత్త వాటి కింద నిలబడి ముఖం తుడుచుకుంటోంది.

"చూశావురా జోజీ? ఆయన సంతకం" అంది. నిలువు గీత మీద అడ్డగీత. "చదువు రానివాడు, ఇంకొకరి చేత రాయించుకోవడానికి సిగ్గుపడినవాడు, ఏటేటా సంతకం పెట్టి పంపాడు. పెళ్ళి సంగతి పైకి పోయాక నేనే నిలదీస్తాను. నాయనమ్మ చేత కూడా నాలుగు తిట్టిస్తాను. కానీ మరవలేదురా. మరవలేదు."

నీళ్ళలో వదిలింది

పొద్దు కుంకకముందే నదిలో వదిలే రెండోది అల్లాలి. హలీమా బీకి పళ్ళు లేవు. కొన్నేళ్ళుగా చిగుళ్ళతో బిగిస్తోందట, మడత వదులవుతోందట. ఆమె అల్లి ఇస్తే అత్త కొరికి బిగించింది. ముగ్గురం మళ్ళీ నదికి పోయాం. ఇద్దరు ముసలమ్మలూ సిలువ చేతులు చెరొకటి పట్టుకుని దాన్ని నీళ్ళ మీద పెట్టారు.

అది ఎంతో ఠీవిగా కొంచెం దూరం పోయి, ఒక రాతికి తగులుకుని ఆగిపోయింది. అత్త "అయ్యో" అంది. హలీమా బీ, "ప్రతి సాల్ గిదే లొల్లి" అని చాకలాయనను కేకేసింది. ఆయనకు ఇది అలవాటే అయి ఉండాలి. ఉతికే బట్ట పక్కన పెట్టి, మోకాలి లోతున దిగి, కర్రతో మెల్లగా పక్కకు నెట్టాడు. అది ఒకసారి గిర్రున తిరిగి పాయలో పడి వెళ్ళిపోయింది. మేము ముగ్గురం గట్టిగా నవ్వాం. ఎందుకంత నవ్వొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రాత్రి కొడుకులూ కోడళ్ళూ మనుమలూ చేరి మమ్మల్ని కదలనివ్వలేదు. నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ అందరం ఒకే పెద్ద పళ్ళెంలో తిన్నాం. మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళది, అత్త కంచం మరీ ప్రత్యేకం. ఆ అత్త నాకంటే ముందు చెయ్యి పెట్టింది. గోంగూర జాడీ తెరవగానే హలీమా బీ వాసన చూసి "అరె, అంబాడా!" అంది. వాళ్ళూ వండుతారట, ఇంత కారం మాత్రం ఎరగరట. నీళ్ళు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ జాడీ అడుగు దాకా తిన్నారు. మర్నాడు మికాయిల్ సాబ్ గోరీ చూపించారు. గోరీల మధ్య పేరు లేని చిన్న రాయి. అది ఏ రిజిస్టరులోనూ లేదు. అత్త సిలువ గుర్తు వేసుకుంది, హలీమా బీ ఫాతిహా చదివింది, నేను ఇద్దరి వెనకా నిలబడ్డాను.

తిరిగి వచ్చాక

ఐర్లండు ఫాదరుగారికి ఉత్తరం రాశాను. ఏ విచారణో తెలియలేదనీ, అయినా ఇక ఫరవాలేదనీ. బందరులో 'పారిపోయినోడి ఇల్లు' అన్నవాళ్ళకు అత్త ఎర్రగాజుల చెయ్యి ఊపుతూ కథంతా చెబుతోంది. రెండో పెళ్ళి సంగతి కూడా దాచడం లేదు. నది ఎదురు పారదు కనుక, వచ్చే ఏడాది వాళ్ళ సిలువ మేము అల్లి, రైల్వేలో ఉన్న హలీమా బీ మనుమడికి పార్సిలు కట్టాలని నిర్ణయమైంది. అల్లడం నేర్చుకోమని నాకు ఇద్దరు అత్తల నుంచీ ఆజ్ఞ అయింది. పళ్ళు గట్టిగా ఉండగానే నేర్చుకోవాలట.

వచ్చిన కొద్ది రోజులకు అత్త నన్ను బండి కట్టించమంది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్ళాం. ఆమె నీళ్ళ అంచున నిలబడి, నది వచ్చే వైపే చూస్తోంది, కూర్చోమంటే కూర్చోనంది. మూసీ ఎక్కడో కృష్ణలో కలవాలనీ, దారిలో ఎన్నో రాళ్ళూ ఆనకట్టలూ ఉన్నాయనీ, ఆ తుంగముక్క ఈపాటికి ఏ నల్లగొండ పొలాల్లోనో చిక్కుకుని ఉంటుందనీ పంతులు బుద్ధి కొద్దీ చెప్పాను.

"వస్తుందిలేరా" అంది అత్త. "ఇన్నేళ్ళూ వస్తూనే ఉన్నాయి. మనమే ఇటు తిరిగి చూడలేదు. నాయనమ్మ కూడా పాపం, బండ్ల దారి వైపు తిరిగి కూర్చుంది."